నాలుగు చక్రముల బండి

జూలై 28, సోమవారం

పై అంతస్తు కోటేశ్వరరావు కారు కొన్నాడు. తెల్లది. నిన్న సాయంత్రం టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, తెచ్చి సరిగ్గా మా మెట్ల ముందు నిలబెట్టాడు. పొద్దున చెత్త ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది. ఎనిమిదిళ్ళ వాళ్ళం చెత్తబుట్టలు పట్టుకుని రోడ్డు దాకా ఊరేగింపు. కిందికి దిగి అడిగాను — "ఇదేంది కోటేశ్వర్రావు గారూ?" అని. "కారు, రైటర్ గారూ" అన్నాడు. కారని నాకు తెలియదా!

ఈ ఇళ్ళు కట్టేటప్పుడు ఏం ఒప్పుకున్నాడో మర్చిపోయినట్టున్నాడు. సందు సన్నం. కింద స్తంభాలు లేపి పార్కింగ్ వదిలితే రెండిళ్ళు పోతాయి, మిగతా ఆరింటి ధర పెరుగుతుంది. అందుకని బిల్డరూ మేమూ కలిసి పార్కింగ్ లేకుండా ప్లాను అడిగాం. టౌన్ ప్లానింగ్ వాళ్ళు ఒక్క షరతు మీద ఇచ్చారు. ఇక్కడ ఉండేవాళ్ళెవరూ కారు పెట్టుకోకూడదు, అందరూ ముందే రాసివ్వాలి. రాసిచ్చాం. రాసింది నేనే. ముప్పై ఏళ్ళుగా రిజిస్ట్రారాఫీసు ముందు కూర్చుని ఊరందరి దస్తావేజులూ రాస్తున్నవాణ్ణి, నా ఇంటి కాగితం నేను రాసుకోనా!

మా బావమరిది అప్పుడే ఎగతాళి చేశాడు — "ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి. కారు పెట్టే చోటు లేని ఇల్లు ఎవడు కొంటాడు బావా?" అని. ఎనిమిదీ అమ్ముడుపోయాయి.

జూలై 29

కారు అక్కడే ఉంది. మూడో అంతస్తు పిల్లలు దాని మీదికి బంతి వేశారు. కోటేశ్వరరావు బాల్కనీలోంచి తిట్లు.

జూలై 30, బుధవారం

ఇవాళ తేల్చేశాను. ఫైలు తీసి, షరతున్న పేజీ జిరాక్సు పట్టుకుని పై అంతస్తుకి వెళ్ళాను. వాళ్ళ గుమ్మంలోనే నిలబడి చదివి వినిపించాను. "ఈ ఇండ్లలో నివసించు వారెవ్వరును నాలుగు చక్రముల బండిని ఆవరణలో గాని, ఎదుటి సందులో గాని నిలుపరాదు." కింద అతని సంతకం. వేలు పెట్టి చూపించాను.

"మా ఇబ్బంది మాకుంటది రైటర్ గారూ" అన్నాడు.

"ఎవరి ఇబ్బంది వాళ్ళకుంటుంది. కాగితంలో ఏం రాసుంటే అదే. నా ఇష్టమూ కాదు, మీ ఇష్టమూ కాదు."

మధ్యాహ్నానికి కారు తీసేశాడు. తన స్టీలు సామాన్ల కొట్టు వెనక పెట్టుకున్నాడట. సాయంత్రానికి సందు మళ్ళీ సందులా ఉంది. పిల్లలు వికెట్లకి ఇటుకలు పేర్చారు. కాఫీ రెండుసార్లు తాగాను.

మా ఆవిడ రత్నం కాఫీ గ్లాసు తీస్తూ, "ఇంట గెలిచారుగా, ఇక రచ్చ గెలవండి" అంది. మెచ్చుకోలో వెక్కిరింతో ఈవిడ మాట ఒక పట్టాన అర్థం కాదు.

ఆగస్టు 1, శుక్రవారం

ఆషాఢమంతా ఈగలు తోలుకున్నాం. శ్రావణం వచ్చింది. అన్నం తినడానికి తీరిక లేదు. పదకొండు దస్తావేజులు. మెడ నొప్పి.

ఆగస్టు 3, ఆదివారం

తల తీసేసినట్టుంది.

పొద్దున్నే కోటేశ్వరరావు వచ్చాడు. నేనిచ్చిన జిరాక్సే అతని చేతిలో. "నాలుగు చక్రముల బండి" కింద ఎర్ర పెన్నుతో గీత. "రండి రైటర్ గారూ, కిందికి పోదాం" అని నన్ను తీసుకెళ్ళి, కింది ఇంటి సువార్తమ్మ టిఫిన్లమ్మే తోపుడు బండి ముందు నిలబెట్టాడు. అది రోజూ ఉండే చోటే ఉంది, ఆమె ఇంటి గోడవారన, టార్పాలిన్ కప్పుకుని.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. నేను లెక్కపెట్టా. మీరూ లెక్కపెట్టండి."

"అది టిఫిన్ బండయ్యా" అన్నాను.

"కాగితంలో టిఫిన్ బండి వేరు అని రాశారా? మోటారు అని రాశారా? కారు అన్న మాటే లేదు గదా అందులో. నాలుగు చక్రముల బండి. ఇది బండా కాదా?"

"బండే."

"చక్రాలు నాలుగా కాదా?"

అప్పటికి ఇళ్ళవాళ్ళు నలుగురైదుగురు బయటికొచ్చారు. సువార్తమ్మ గుమ్మంలో నిలబడి పప్పు రుబ్బిన చెయ్యి కొంగుకి తుడుచుకుంటోంది. "కాగితంలో ఏం రాసుంటే అదే అని మీరే అన్నారు" అన్నాడు కోటేశ్వరరావు. గొంతు పెంచలేదు. పెంచుంటే నేనూ పెంచేవాణ్ణి.

టౌన్ ప్లానింగ్‌లో అర్జీ ఇచ్చాడట. నిన్ననే.

ఆగస్టు 4

అసలు ఆ మాట ఎలా వచ్చిందో రాసుకోవాలి.

మొదట నేను రాసింది "మోటారు వాహనము" అనే. సంతకాల రోజున అందరినీ కూర్చోబెట్టి చదివాను. మూడో అంతస్తు ఆయన, పల్లెలో పొలమున్న మనిషి, లేచి "మోటారు పెట్టకూడదంటే బోరుకి ఎట్టాగండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకాయన "మరి మా స్కూటర్లు?" అన్నాడు. స్కూటర్లు వద్దనే ఉద్దేశం ఎవరికీ లేదు. నాకు చిరాకేసింది. మోటారు వాహనము కొట్టేసి "నాలుగు చక్రముల బండి" అని పైన రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఇప్పుడు అర్థమైందా అంటే అందరూ ఆఁ అన్నారు. సువార్తమ్మ కూడా. జనానికి అర్థమయ్యే తెలుగులో రాయడం మీకే చేతనవును అని బిల్డరు మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను, వెధవని.

ఇక్కడ స్కూటరూ బండే, ఎడ్లు కట్టినా బండే, ఐస్‌క్రీమ్ తోసుకొచ్చినా బండే. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ రోజు నా బుర్రలో కారు తప్ప ఇంకేమీ లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి బతికేదే బండి మీద, అది నాకు తట్టలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. కలం జారితే ఇంకా అన్యాయం. దాని మీద ఎనిమిది సంతకాలుంటాయి.

ఆగస్టు 5, మంగళవారం

సువార్తమ్మ వచ్చింది. టిఫిన్ల పని ముగించుకుని, పదకొండింటికి, నా బల్ల దగ్గరికే. కోపంగా వస్తుందనుకున్నాను. కుర్చీ వేస్తే కూర్చుని, చల్లగా నీళ్ళు తాగింది.

"బాబాయ్, మీరు చదివినప్పుడు నేను కారనుకున్నా. మీరూ కారనే అనుకున్నారు. మరి కాగితం ఏమనుకుందంటారు?"

గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ అంది.

"నేను ఈ ఇల్లు కొన్నదే ఎందుకనుకున్నారు? కార్లు ఉండవు, బండి గుమ్మం ముందు పెట్టుకోవచ్చనే గదా. ఇంతకుముందు కోర్టు సెంటర్లో వదిలేసి పోయేదాన్ని. ఒకసారి చక్రాలే ఎత్తుకుపోయారు. ఒకసారి టైర్లు కోశారు. తెల్లారి అయిదింటికి పిండి గిన్నెలు, గ్యాసు బండ, సాంబారు... అన్నీ నెత్తిన పెట్టుకుని మోయమంటారా? నాకు ఇల్లూ బండీ వేరు కాదు బాబాయ్. బండి తీసేస్తే ఇల్లెట్టా నిలబడిద్ది?"

చూద్దాంలే అమ్మాయ్ అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

పార్కింగ్ కట్టి ఉంటే ఆమె ఉంటున్న ఇల్లే ఉండేది కాదు. అక్కడ నాలుగు కార్లు ఉండేవి. అది తల్చుకుంటే ఇంకా బాధ.

ఆగస్టు 6

ప్లానింగ్ అమ్మాయి వచ్చింది చూడడానికి. మా వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ, శావల్యాపురం పిల్ల. ఫోన్లో ఫొటోలు తీసుకుంది. సందు కొలిచింది. బండికీ ఫొటో తీసింది. సువార్తమ్మ పునుగులు పెడితే వద్దంటూనే రెండు తింది.

నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పింది — "సార్, అర్జీ వచ్చాక నేను కాగితంలో ఉన్నదే చూడాలి. మీరు సవరణ రాయండి. ఎనిమిది మందీ సంతకాలు పెట్టాలి, ఒక్కరు తగ్గినా చెల్లదు. పద్దెనిమిదో తారీకున వస్తా. అప్పటికి లేకపోతే బండి తీయించమని రాయక తప్పదు." కాస్త ఆగి మళ్ళీ అంది — "పార్కింగ్ లేకుండా ఇచ్చింది మన వార్డులో ఇదొక్కటే సార్. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు. ఇది గొడవైతే వాళ్ళకి ఎట్టా ఇమ్మని మా పైవాళ్ళనడగను?"

మంచి పిల్ల. తప్పు నాదని ఆమెకు తెలుసు. ఆ మాట అనలేదు.

ఎనిమిది సంతకాలు. అంటే కోటేశ్వరరావుదీ.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

ఆఫీసు లేదు. రత్నం వాయనం ఇవ్వడానికి అందరిళ్ళకీ వెళ్ళింది. కోటేశ్వరరావు ఇంటి నుంచి తిరిగి రావడానికి గంట పట్టింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఆయన్ని కారెందుకు కొన్నావని అడిగారా మీరు?"

"ఎందుకు కొంటారు? గొప్పకి."

"రాఘవమ్మ గారికి."

వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చిందని తెలుసు. మంచంలోనే ఉందనుకున్నాను. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాడట. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి తనూ, కొట్లో పనిచేసే మనిషీ చెరోవైపు పట్టుకుని మెట్లు దించుతారట. ఆటోలో కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతోందట. పోయిన నెల గుంటలో ఎగిరి, తల ఇనప కమ్మీకి తగిలి నాలుగు కుట్లు పడ్డాయట. నేను ఆ సమయానికి రిజిస్ట్రారాఫీసు ముందుంటాను. చూడలేదు.

"చెప్పొచ్చుగా నాతో?" అన్నాను.

"చెప్పనిచ్చారా? గుమ్మంలో నిలబడి శ్లోకం చదివినట్టు చదివొచ్చారు."

శనగలు తింటూ కూర్చున్నాను.

ఆగస్టు 9, శనివారం

సందంతా నవ్వులు. సువార్తమ్మ బండికి ఒక చక్రం లేదు! పిన్ను తీసి, చక్రం ఊడదీసి ఇంట్లో పెట్టుకుంది. ఆ మూల కింద ఇటుకలు పేర్చింది.

"మూడే బాబాయ్. ఎవరొచ్చినా లెక్కపెట్టుకోమనండి" అంది.

నేనూ నవ్వాను. కడుపారా నవ్వి వారమైంది. దస్తావేజులు రాసేవాడికి తట్టనిది దోసెలు పోసే మనిషికి తట్టింది. కోటేశ్వరరావు బాల్కనీలోంచి చూశాడు. నవ్వాపుకున్నట్టే ఉంది మొహం.

ఆగస్టు 10

రోజూ తెల్లారి చక్రం తగిలించాలి, తిరిగొచ్చాక ఊడదీయాలి. ఇదెన్నాళ్ళు? అడిగితే "పద్దెనిమిది దాకా" అంది.

ఆగస్టు 12, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అయిదున్నరకి కేక వినబడింది. సందు మలుపులో బండి ఒరిగిపోయి ఉంది. తగిలించిన చక్రం ఊడి డ్రెయిన్ దగ్గరికి దొర్లింది. తొందరలో పిన్ను సరిగా దిగలేదు. సాంబారు గిన్నె మొత్తం ఆమె కాలి మీద పడింది. మరుగుతున్నది. మోకాలి కింది నుంచి పాదం దాకా.

నా కంటే ముందు దిగింది కోటేశ్వరరావు. బనీను మీద, బకెట్టు నీళ్ళతో. కాలి మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాడు, ఆమె ఏడుస్తూనే "పిండి గిన్నె చూడండన్నా, పిండి గిన్నె" అంటోంది. సువార్తమ్మ కూతురు ఆటో తెచ్చింది. రత్నం వెంట వెళ్ళింది.

మేమిద్దరం మిగిలాం. బండి ఎత్తి నిలబెట్టాం. చక్రం తెచ్చి తగిలించాడు. నాలుగోది.

డాక్టరు మూడు వారాలు నిలబడొద్దన్నాడట.

నా వల్లే. చక్రం వల్ల కాదు, పిన్ను వల్ల కాదు. నేను రాసిన మాట వల్ల ఆ మనిషి కాలు కాలింది. ఎవరితోనూ అనలేకపోతున్నాను.

ఆగస్టు 13

కోటేశ్వరరావే వచ్చాడు. "అర్జీ వెనక్కి తీసుకుంటానని పోయా. ఫైల్లోకి ఎక్కిందట, సవరణ కాగితం కావాల్సిందేనంట. రాయండి, పెడతా సంతకం" అన్నాడు. లేవబోతూ మళ్ళీ కూర్చున్నాడు.

"ఒక్క వాక్యం చేర్చండి రైటర్ గారూ. కారు పెట్టుకుంటానని అనను. అమ్మని ఎక్కించుకునేటప్పుడు, దించేటప్పుడు... అంతసేపు మెట్ల ముందు ఆగనియ్యండి. తర్వాత కొట్టు కాడికి తీసుకుపోతా."

రాస్తానన్నాను. ఇది పదిహేను రోజుల క్రితం అడిగి తెలుసుకోవాల్సిన మాట. ఆ సంగతి పైకే అన్నాను. "నాకూ కోపమొచ్చింది లెండి" అన్నాడు.

ఆగస్టు 15, శుక్రవారం

వార్డులో జెండా ఎగరేసి చాక్లెట్లు పంచారు. ఇంటికొచ్చి సవరణ రాశాను. "నడవలేని వారిని ఎక్కించుటకు, దించుటకు పట్టునంతసేపు" — ఈ ముక్కకే గంట పట్టింది. ఎంతసేపు పడుతుంది? ఒక మనిషికీ ఇంకో మనిషికీ ఒకటేనా? ప్రతి మాటనీ తిప్పి తిప్పి చూస్తున్నాను, కూరగాయల కొట్టు దగ్గర వంకాయలు ఏరేవాళ్ళలాగా.

సవరణ ఎందుకో కారణం రాయాలి. "భాషయందలి సందిగ్ధత వలన" అని రాశాను. రత్నం కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"తప్పు భాషదా?"

కొట్టేశాను. "రాసినవాని పొరపాటు వలన" అని రాసి నా పేరు, లైసెన్సు నంబరు వేశాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. వేశాక గుండె మీది బరువు కొంచెం దిగింది. పూర్తిగా దిగలేదు.

ఆగస్టు 16

సంతకాలు ఆరు. కోటేశ్వరరావు రెండుసార్లు చదువుకుని పెట్టాడు. "మోటారు కారు అని రాశారు, బాగుంది" అన్నాడు. బోరు మోటారు ఆయన కూడా ఏమీ అడగకుండా పెట్టాడు. నాది కలిపితే ఏడు. ఇక సువార్తమ్మ ఒక్కతే. ఆమెదేముంది, ఆమె కోసమేగా ఇదంతా. రేపు పెట్టిస్తాను.

ఆగస్టు 17, ఆదివారం

ఆమె చర్చి నుంచి వచ్చాక వెళ్ళాను. వాళ్ళమ్మాయి భుజం పట్టుకుని ఆటో దిగింది. కాలికి కట్టు. మంచం మీద కూర్చుని, కాగితం నా చేత మొత్తం చదివించుకుంది. చదివాను. పెన్ను ఇచ్చాను. తీసుకోలేదు.

"మోటారు కారు పెట్టకూడదు అని ఉంది. నాది కారు కాదు, సరే. నా బండి పెట్టుకోవచ్చు అని ఏడ రాశారు బాబాయ్?"

"కారు ఒక్కటే గదమ్మా వద్దన్నది. అంటే మిగతావన్నీ పెట్టుకోవచ్చనే."

"అనే అర్థం. పోయినసారి కూడా మనం అర్థాన్నే గదా నమ్మింది."

సరే, నీ బండి సంగతి విడిగా రాస్తానన్నాను. అక్కడే, మంచం పక్కన స్టూలు మీద పెట్టి రాశాను — "తోపుడు బండి నిలుపుకొనవచ్చును." చదివాను. అప్పుడు వాళ్ళమ్మాయి అందుకుంది.

"తాతయ్యా, ఈ కాలుతో అమ్మ ఇంక తొయ్యలేదు. బ్యాటరీ బండి చూస్తన్నాం. అది తోసేది కాదు. మరి దాని సంగతేంది?"

"దానికీ నాలుగు చక్రాలే బాబాయ్" అంది సువార్తమ్మ. "లోపల మోటారు ఉంటదంట."

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మోటారు అని రాస్తే పోతుంది. తోపుడు అని రాస్తే పోతుంది. నాలుగు అని రాసి ఇంతవరకూ వచ్చాం. ఏది చేర్చినా మిగతా ఆరుగురి చేతా మళ్ళీ సంతకాలు పెట్టించాలి, సాయంత్రం లోపల. కోటేశ్వరరావు మనసు మార్చుకోడని ఏముంది? ముందు ఇది పెట్టమ్మా, బ్యాటరీది కొన్నాక చూసుకుందాం అన్నాను.

"చానా మంది అట్టాగే అంటారు, తర్వాత చూసుకుందాం అని. నాకు మీ మీద నమ్మకం లేక కాదు బాబాయ్. మీరు రాసేదాని మీదే" అంది. మెత్తగానే అంది. కాఫీ కూడా ఇప్పించింది.

ముప్పై ఏళ్ళుగా చదువురానివాళ్ళు, చదువుకున్నవాళ్ళు నేను చూపించిన చోట సంతకం పెట్టిపోయారు. ఈ మాట ఎవరూ అనలేదు. అన్నది న్యాయమే. న్యాయమైనందుకే ఇంత నొప్పి.

ఆగస్టు 18, సోమవారం

తొమ్మిదిన్నర. ప్లానింగ్ అమ్మాయి పదకొండుకి వస్తానని మెసేజ్ పెట్టింది.

ఆఫీసుకి వెళ్ళలేదు. పొద్దుటి నుంచి మూడు రకాలుగా రాశాను. "జీవనోపాధి నిమిత్తము వాడు బండి" — రేపు ఎవడో ట్యాక్సీ కొని ఇదీ జీవనోపాధే అంటాడు. "ఆహార పదార్థములు అమ్ము బండి" — అమ్మనప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు? "సువార్తమ్మ బండి" — రేపు ఆమె కూతురిదైతే? రత్నం దాటుకుంటూ పోతూ, "బండి అంటే బండే. మనుషులకి అర్థమవుతుంది, మీ కాగితాలకే అర్థం కాదు" అంది.

పదింబావు. కోటేశ్వరరావు తలుపు దగ్గరకొచ్చి, "కొత్తది రాశారా? తెండి, చదవకుండానే పెడతా" అన్నాడు.

చదవకుండా వద్దు అన్నాను.

పదిన్నర. కింద సువార్తమ్మ ఒంటికాలి మీద నిలబడి బండి మీది టార్పాలిన్ తీస్తోంది. వచ్చే పిల్లకి కనబడేలా తుడుస్తోంది. నా ఎదుట కాగితంలో ఎనిమిదో సంతకం చోటు ఖాళీ. దాని పైన వాక్యమూ ఖాళీ.